మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్ తయారవడు

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖ ద్వారకానగర్ సందుల్లో కోచింగ్ బోర్డుల మీద రాత మారింది. నిన్నమొన్నటిదాకా జావా, పైథాన్ అని ఉన్నచోట ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ, ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో కంప్యూటర్లలో కన్నాలు వెతికే పని) అని కనిపిస్తోంది. మూడు నెలల కోర్సు, కోడింగ్ రానక్కర్లేదు, ఉద్యోగం ఖాయం. ఈ మూడింట్లో మొదటిదొక్కటే నిజం, మూడు నెలలకు కోర్సు అయిపోవడం మాత్రం ఖాయం. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించాక ఈ బోర్డులకు మరింత ఊపొచ్చింది. డేటా సెంటర్ నడవడానికి కావలసింది కరెంటు పని, చల్లదనం కోసం చిల్లర్లు, కేబుళ్లు, పాడైన డిస్కులు మార్చే చేతులు. హ్యాకింగ్ కోర్సు చదివొచ్చిన ఫ్రెషర్ల కోసం అక్కడ వరసగా కుర్చీలు వేసి ఉంచరు.

తల్లిదండ్రులకూ విద్యార్థులకూ ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. సైబర్ సెక్యూరిటీకి విడిగా వీధి గుమ్మం లేదు. ప్రోగ్రామింగ్, నెట్‌వర్క్, సర్వర్లు అనే ఇంట్లోకి అడుగుపెట్టి, లోపలి నుంచే ఆ గదిలోకి వెళ్లాలి. ఎందుకో చిన్న ఉదాహరణతో చూపిస్తాం.

ఒక రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు దగ్గర డి'సౌజా అని కొట్టి సబ్మిట్ నొక్కగానే పేజీ ఎర్రర్ ఇచ్చిందనుకుందాం. చాలామంది సర్వర్ డౌన్ అనుకుని ఊరుకుంటారు. లోపల జరిగింది వేరు. ఆ ఫారం రాసినవాడు డేటాబేస్‌కి పంపే ఆజ్ఞలో, రెండు కోట్ గుర్తుల మధ్య, యూజర్ కొట్టిన పేరును నేరుగా అతికించాడు. పేరులోని కోట్ గుర్తు అక్కడికి మూత వేసేసింది. మిగిలిన 'సౌజా'ను డేటాబేస్ పేరుగా కాక ఆజ్ఞగా చదివింది, అర్థంకాక ఎర్రర్ ఇచ్చింది. ఇదే తప్పు లాగిన్ ఫారంలో ఉంటే, సౌజాకు బదులు ఎప్పుడూ నిజమయ్యే షరతు ఒకటి రాసి పాస్‌వర్డ్ లేకుండానే తలుపు తెరవొచ్చు. డేటాబేస్‌కి ఆజ్ఞలు రాసే భాష ఎస్‌క్యూఎల్, అందులోకి ఇలా పరాయి ఆజ్ఞ దూర్చడమే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. పరిష్కారం ప్యారామీటరైజ్డ్ క్వెరీ, అంటే ఆజ్ఞను విడిగా, యూజర్ ఇచ్చిన విలువను విడిగా పంపడం. కొందరు కోట్ గుర్తులన్నీ ఏరిపారేసి పని అయిపోయిందనుకుంటారు. దానివల్ల డి'సౌజా గారి పేరు చెడిపోవడం ఒక నష్టం. నంబర్లు తీసుకునే పెట్టెల్లో దాడికి కోట్ గుర్తే అవసరం లేదు కాబట్టి కన్నం అలాగే ఉండిపోవడం రెండో నష్టం.

చేత్తో పది క్వెరీలు రాసినవాడికి ఇది అయిదు నిమిషాల్లో బోధపడుతుంది. రాయనివాడు ఈ కన్నాలను తనంతట తానే వెతికే ఎస్‌క్యూఎల్‌మ్యాప్ లాంటి టూల్ ఒకటి బట్టీపడతాడు. టూల్ ఏమీ దొరకలేదంటే అక్కడితో ఆగిపోతాడు. దొరికిందంటే, 'సరే, ఎలా సరిచేయాలి?' అని ఎదుటి డెవలపర్ అడగ్గానే నోరు పెగలదు. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే ప్రశ్న.

మొదటి ఆరు నెలలు, రోజుకు రెండు మూడు గంటల చొప్పున, సెక్యూరిటీ అనే మాట పక్కన పెట్టండి. పైథాన్ కానీ జావా కానీ ఏదో ఒకటే పట్టుకోండి. నాలుగో వారంలో కష్టమనిపించి రెండోదానికి గెంతేవాళ్లు రెండింటిలోనూ నాలుగో వారం దాటరు. దాంతోపాటు ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే టూల్), లినక్స్ కమాండ్ లైన్ (ఆజ్ఞలు టైపు చేసి కంప్యూటర్ నడపడం) నేర్చుకోవాలి. లినక్స్‌కి ఓవర్‌దవైర్ వారి బ్యాండిట్ అనే ఉచిత ఆట మంచిది. ఒక్కో మెట్టులో పాస్‌వర్డ్ వెతికి పట్టుకుంటే పై మెట్టు తెరుచుకుంటుంది. మొదటి మెట్టులోనే చాలామంది బోల్తాపడతారు. దూరంలోని మెషీన్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా 22వ పోర్టు (మెషీన్‌కుండే నంబరు తలుపు) మీద ఉంటుంది, ఈ ఆటలో మాత్రం 2220. పోర్టు నంబరు విడిగా ఇవ్వకపోతే ఎంత ప్రయత్నించినా లోపలికి రానివ్వదు.

నెట్‌వర్క్ పాఠాన్ని మన కాలేజీల్లో ఏడు పొరల పేర్లు వరసగా అప్పజెప్పించి ముగిస్తారు. పేర్లతో పని జరగదు. బ్రౌజర్లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కాక డీఎన్‌ఎస్ 53వ పోర్టులో పేరును అంకెలుగా మార్చడం, టీసీపీ మూడు ప్యాకెట్లతో పలకరింపు ముగించడం, 443లో టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ చూపించడం, ఇవన్నీ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ టూల్‌లో కళ్లారా చూడాలి. చూసినవాడికి ఎర్రర్లు మాట్లాడినట్టు ఉంటాయి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వస్తే అవతలి మెషీన్ బతికే ఉందనీ, ఆ పోర్టులో వినేవాడు లేడనీ సాధారణంగా అర్థం. 'టైమ్డ్ అవుట్' వస్తే మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను మింగేసి ఉండాలి, లేదా అసలు దారే లేదు. అంకెల అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ వైపు చూడాలి. సపోర్ట్ ఉద్యోగంలో మొదటి ఏడాది అన్నం పెట్టేది ఈ మూడు ముక్కలే.

లాప్‌టాప్ గురించి తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతుంటారు. లక్ష పెట్టి గేమింగ్ మెషీన్ కొనక్కర్లేదు. ర్యామ్ 16 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. పాత లాప్‌టాప్‌లో ఖాళీ స్లాటు ఉంటే ర్యామ్ వేయించి, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే సరిపోతుంది. 8 జీబీతో ప్రోగ్రామింగ్ సాఫీగా సాగుతుంది కానీ, విండోస్ నడుస్తుండగానే రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిచే కంప్యూటర్లు) లేపితే ఊపిరాడదు. వాటిని నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టాక 64 బిట్ ఎంపికలు కనబడకుండా 32 బిట్ మాత్రమే కనిపిస్తే మెషీన్ పాతదని కంగారుపడొద్దు. సాధారణంగా బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆపేసి ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. అది ఆన్‌లోనే ఉండి కూడా అంతా నత్తనడక నడుస్తుంటే వర్చువల్ మెషీన్ విండో కింది మూల చూడండి. ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందంటే విండోస్ వారి సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వీ అడ్డుపడుతున్నట్టు. తాబేలు బొమ్మ పెట్టినవాడికి హాస్యం తెలుసు.

ప్రాక్టీసు కోసం మెటాస్ప్లాయిటబుల్ అని, కావాలనే కన్నాలతో చేసిన లినక్స్ మెషీన్ ఉచితంగా దొరుకుతుంది. దాని నెట్‌వర్క్ సెట్టింగ్‌ను హోస్ట్-ఓన్లీలో, అంటే మీ లాప్‌టాప్‌కి మాత్రమే కనిపించేలా ఉంచాలి. బ్రిడ్జ్‌డ్‌లో పెడితే అది హాస్టల్ వైఫైలో ఒక మామూలు కంప్యూటర్‌లా అందరికీ కనిపిస్తుంది. తాళం లేని ఇంటిని నడివీధిలో నిలబెట్టినట్టే. వెబ్ దాడుల వరకు పోర్ట్‌స్విగ్గర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీ పూర్తిగా ఉచితం, ల్యాబులతో సహా. డబ్బు తీసుకుని చెప్పే చాలా కోర్సులకన్నా అదే మేలు.

ఆరు నెలలయ్యాక సొంతంగా ఒక చిన్న అప్లికేషన్ కట్టాలి. లాగిన్ ఉండాలి, ఇద్దరు ముగ్గురు యూజర్లుండాలి, ఎవరి ఫైళ్లు వాళ్లవే కావాలి. వీధిలో కిరాణా కొట్టు అప్పుల ఖాతా అయినా సరే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి స్పైరల్ బైండింగ్ చేయించే అలవాటు మన ఊళ్లో ఎప్పటినుంచో ఉంది. ఆ ప్రాజెక్టు మీద రెండో ప్రశ్నకే అభ్యర్థి తడబడతాడు. సొంతంగా కట్టినదైతే, దాన్ని తనే పగలగొట్టొచ్చు. లాగినయ్యాక అడ్రస్ బార్‌లో 1021 అని ఉన్నచోట 1022 అని మార్చి చూడండి. పక్కవాడి ఖాతా తెరుచుకుందా? వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 లోపాల జాబితాలో మొదటి స్థానం ఇచ్చిన బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్ అంటే ఇదే. లాగిన్ అయ్యాడా లేదా అని చూస్తే చాలదు, అడిగిన కాగితం అతనిదేనా అని ప్రతిసారీ సర్వర్ వైపు చూడాలి. పాస్‌వర్డ్‌లను ఎండీ5లో దాచి భద్రమనుకుంటున్నారా? అది వేగం కోసం చేసిన హ్యాష్ (పాస్‌వర్డ్‌ను వెనక్కి మార్చలేని అక్షరాల ముద్దగా చేసే పద్ధతి). వేగమే ఇక్కడ శత్రువు, ఊహించి కొట్టేవాడికి కూడా అంతే వేగం అందుతుంది. అందుకే కావాలని నిదానంగా నడిచే బీక్రిప్ట్, ఆర్గాన్2 వాడతారు.

ఫ్రెషర్లు పదేపదే చేసే పొరపాటు గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) దగ్గర జరుగుతుంది. డేటాబేస్ పాస్‌వర్డూ క్లౌడ్ కీలూ ఉన్న ఎన్వ్ ఫైలును కోడ్‌తో కలిపి పైకి తోసేస్తారు. తప్పు గమనించి తర్వాతి కమిట్‌లో (గిట్ దాచే ఒక్కో మార్పు) ఫైలు తీసేసి హమ్మయ్య అనుకుంటారు. గిట్ పాత కమిట్‌లను మరిచిపోదు, చరిత్రలోకి వెళ్తే ఆ ఫైలు అక్కడే ఉంటుంది. పబ్లిక్ రిపాజిటరీలను ఇరవైనాలుగు గంటలూ జల్లెడ పట్టే బాట్‌లున్నాయి. ఫైలు చెరపడం తర్వాతి సంగతి, ముందుగా ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి. లేకపోతే మీ ఖాతాలో ఇంకెవరో క్రిప్టో మైనింగ్ సర్వర్లు లేపుతారు, బిల్లు మీకొస్తుంది. ఏఐ టూల్స్‌తో కోడ్ రాయించేవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. అవి అసలు లేని ప్యాకేజీల (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేర్లు కూడా ధీమాగా చెబుతాయి, ఆ పేరుతో ఎవడైనా చెడ్డ ప్యాకేజీ పెట్టి కూర్చోవచ్చు. ఇన్‌స్టాల్ కొట్టే ముందు పేరు సరిచూసుకోవాలి.

ఇదంతా మీ సొంత మెషీన్ మీద, మీరు కట్టిన దాని మీద, లేదా ప్రాక్టీసుకని పెట్టిన సైట్ల మీద మాత్రమే. కాలేజీ పోర్టల్‌లోనో మునిసిపల్ సైట్‌లోనో అంకె మార్చి చూడటం సరదా కాదు. ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండా, దురుద్దేశంతోనో మోసపూరితంగానో చొరబడినట్టు తేలితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదైతే 70వ సెక్షన్ కింద పదేళ్ల వరకూ వెళ్తుంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, తప్పు చూపిద్దామనే చేశానంటే సులువుగా నమ్మరు. కంపెనీలు బగ్ బౌంటీ (లోపం చూపినవారికి బహుమతి) పేజీలో ఏ డొమైన్లు పరీక్షించొచ్చో, ఏవి ముట్టుకోకూడదో రాస్తాయి. ఆ గీత లోపలే ఉండాలి. యాదృచ్ఛికంగా లోపం కంటబడితే మరింత తవ్వకుండా, ఎవరి డేటానూ దింపుకోకుండా, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేసే పద్ధతి ఉంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఫ్రెషర్‌కి దొరికే సెక్యూరిటీ ఉద్యోగం ఎక్కువగా ఎస్‌ఓసీ ఎల్1, అంటే భద్రతా నిఘా కేంద్రంలో మొదటి మెట్టు. షిఫ్టుల్లో కూర్చుని అలర్టులు చూడటం. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లు (మెషీన్లలో ఏం జరిగిందో రాసే చిట్టాలు) 180 రోజులు దాచాలి. అంటే రాత్రి రెండింటికి కూడా చూసే కళ్లుండాలి. ఆ పని ఎలా ఉంటుందంటే, విండోస్ లాగ్‌లో 4625 అంటే లాగిన్ విఫలం, 4624 అంటే సఫలం. ఒకే అడ్రస్ నుంచి 4625 వందలసార్లు వచ్చి, ఆ వెనకే ఒక్క 4624, అందులో లాగాన్ టైప్ 10 అని ఉంటే, ఎవరో రిమోట్ డెస్క్‌టాప్‌తో ఊహించి ఊహించి లోపలికొచ్చారని అనుమానించాలి. కాసేపటికి 1102 కనిపిస్తే లాగ్ తుడిచేశారు. సెలవు నుంచి వచ్చి పాస్‌వర్డ్ మరిచిపోయిన ఉద్యోగి కూడా 4625లు కురిపిస్తాడు, అయితే అయిదో ఆరో, అదీ ఆఫీసు అడ్రస్ నుంచి. ఈ తేడా పట్టడమే ఎల్1 పని. రోజులో ఎక్కువ అలర్టులు ఉత్తివే, విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగులో నిజమైన అలర్ట్‌ను మూసేయడమే ఈ ఉద్యోగంలో జరిగే పెద్ద తప్పు.

విశాఖ పిల్లలకు మాత్రమే దగ్గరగా ఉండి, బోర్డుల మీద కనిపించని దారి ఇంకొకటి ఉంది. ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పోర్టు, పరవాడ వైపు ఫార్మా కంపెనీలు, సింహాద్రి థర్మల్. ఇన్ని ప్లాంట్లు ఒకేచోట ఉన్న నగరం మన రాష్ట్రంలో ఇంకోటి లేదు. ఇలాంటి ప్లాంట్లలో వాల్వులనూ మోటార్లనూ నడిపే చిన్న కంప్యూటర్లయిన పీఎల్‌సీలు, వాటిని ఒకచోటి నుంచి గమనించే స్కాడా వ్యవస్థల భద్రతను ఓటీ సెక్యూరిటీ అంటారు. ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాళ్లకు ఇక్కడ సీఎస్‌ఈ వాళ్లకన్నా ముందంజ ఉంటుంది. కారణం, లూప్ (కొలిచి సరిచేసే ఏర్పాటు) అంటే ఏమిటో, ఇంటర్‌లాక్ (ప్రమాదం రాకుండా యంత్రాన్ని ఆపే ఏర్పాటు) ఎందుకుందో వాళ్లకు తెలుసు. ఈ పరికరాలు మాట్లాడుకునే, 1979లో పుట్టిన మాడ్‌బస్ ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ అనే ఊసే లేదు. 502వ పోర్టుకి చేరినవాడు ఆజ్ఞ ఇస్తే పరికరం పాటిస్తుంది. ఆఫీసులో తెరిచున్న పోర్టులు వెతికే ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేసినట్టు ఇక్కడ చేస్తే కొన్ని పాత కంట్రోలర్లు బిగుసుకుపోతాయి. ఆఫీసులో సర్వర్ బిగుసుకుంటే రీస్టార్ట్ కొడతారు, ఫర్నేస్ దగ్గర ఆ మాట అనడానికి వీల్లేదు. ప్యాచ్ వేయాలన్నా షట్‌డౌన్ దాకా ఆగాలి. మా ప్లాంటుకి ఇంటర్నెట్టే లేదు, మాకేం భయమనే వాళ్లకు 2010లో బయటపడ్డ, పీఎల్‌సీల మీద దాడిచేసే స్టక్స్‌నెట్ వార్మ్ జవాబు చెప్పింది. అది పెన్‌డ్రైవుల్లోనూ వెళ్లింది. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదివే కుర్రాడు పీఎల్‌సీలకు ప్రోగ్రాం రాసే ల్యాడర్ లాజిక్‌తోపాటు నెట్‌వర్కులూ, ప్లాంట్ల భద్రతకున్న ఐఈసీ 62443 ప్రమాణం మొదలైనవీ నేర్చుకుంటే, పోటీ తక్కువున్న చోట నిలబడతాడు.

భద్రత అంటే దొంగల్ని ఆపడం ఒక్కటే కాదని కూడా ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు పోయిన రోజుల్ని గుర్తుచేసుకుంటే చాలు. మూడు ప్రతులు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్లో అనే 3-2-1 బ్యాకప్ సూత్రం ఎందుకో అర్థమవుతుంది. బ్యాకప్ తీయడమే కాదు, దాన్ని తిరిగి ఎక్కించి చూసిన తేదీ కూడా రాసి ఉండాలి.

సర్టిఫికెట్ల విషయం క్లుప్తంగా. కాంప్టియా సెక్యూరిటీ ప్లస్‌లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు, 900కి 750 రావాలి. పునాది సరిచూసుకోవడానికి పనికొస్తుంది. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) 125 ప్రశ్నల బహుళైచ్ఛిక పరీక్ష. హెచ్‌ఆర్ వాళ్ల జల్లెడ దాటిస్తుంది, పని నేర్పదు. ఓఎస్‌సీపీలో 23 గంటల 45 నిమిషాలు కెమెరా ముందు నిజంగా మెషీన్లు ఛేదించాలి, తర్వాత 24 గంటల్లో నివేదిక రాయాలి. నివేదిక సరిగా రాయక తప్పినవాళ్లుంటారు, అందుచేత చేసిన ప్రతి అడుగుకీ స్క్రీన్‌షాట్, వాడిన కమాండ్ అప్పటికప్పుడు రాసుకునే అలవాటు ముందునుంచే ఉండాలి. సీనియర్ల సర్టిఫికెట్ అయిన సీఐఎస్‌ఎస్‌పీకి అయిదేళ్ల అనుభవం అడుగుతారు. ఫ్రెషర్‌కి దాని కోచింగ్ అమ్మడమంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అనుభవం లేకపోతే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీలు తగులుతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతారు, ఎక్కడ ఎన్నాళ్లు పీఎఫ్ కట్టారో అందులో ఉంటుంది. జీతం మీద టీడీఎస్ కోసి ఉంటే అది ఆదాయపు పన్ను శాఖ 26ఏఎస్ పత్రంలో కనిపించాలి. చేరాక ఆరు నెలలకు పట్టుబడినా పంపించేస్తారు. నమ్మకమే పెట్టుబడిగా ఉన్న సెక్యూరిటీ రంగంలో ఆ మచ్చ మరీ గట్టిది.

విదేశీ ఆఫర్లతో ఇంకా జాగ్రత్త. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని తీసుకెళ్లి కంబోడియాలో సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మేలో మన విశాఖ పోలీసులే బయటపెట్టారు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగానికి రమ్మంటే అక్కడే ఆగండి. ఏజెంటుకు లైసెన్సుందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఖాతాలో సొమ్ము నిలిపే అవకాశం అంత ఎక్కువ.

అయినా కోచింగ్‌లో చేరాలనుకుంటే, ఫీజు కట్టేముందు ఒక గంట డెమో క్లాసులో వెనక కూర్చోండి. పాఠం చెప్పేవారు ముందే తయారుచేసిన స్లైడ్లు చదువుతున్నారా, లేక ఖాళీ స్క్రీన్ మీద కోడ్ రాస్తూ, ఎర్రర్ వస్తే అందరి ముందే సరిచేస్తున్నారా చూడండి. డెమోలో చెప్పినవారే బ్యాచ్ మొత్తం చెబుతారని కాగితం మీద రాయించుకోండి. ల్యాబ్‌కి వారానికెన్ని గంటలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కూడా రాయించుకోండి. పదో తరగతి, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. 'ఈఎంఐలో కట్టుకోండి' అంటూ సంతకాలు తీసుకుంటే ఆ కాగితాలు పూర్తిగా చదవండి. చాలాసార్లు అది ఫీజు వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ అబ్బాయి పేరు మీదో అమ్మాయి పేరు మీదో తీసుకున్న అప్పు. ఇన్‌స్టిట్యూట్ తలుపులు మూసేసినా నెలనెలా వాయిదా మాత్రం కట్టాల్సిందే.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ భద్రతా రంగాల్లో పనిచేస్తున్న కొందరు ఉద్యోగులు,
మధురవాడ, విశాఖపట్నం.